మెడ మీద నాలుగు వేళ్లు

మా విభాగం తలుపు మీద ఒక కాగితం అంటించి ఉండేది. ‘పట్టీలు కట్టే పహిల్వాన్ల దగ్గరికి పోయి వచ్చినవారికి ఇక్కడ వ్యాయామం చేయించబడదు’ అని దాని మీద ఉండేది. రాసింది నేను, అంటించింది నేను, చినిగినప్పుడల్లా కొత్తది పెట్టిందీ నేనే. నా పదవీ విరమణ రోజున కుర్ర సహోద్యోగులు దానికి ఫ్రేము కట్టించి నాకే కానుకగా ఇద్దామనుకున్నారట. వెతికితే దొరకలేదు. అప్పటికి కొన్ని నెలల ముందే దాన్ని నా చేత్తోనే పీకేశానని వాళ్లకు తెలియదు. ఎందుకు పీకానో ఆ రోజు చెప్పలేకపోయాను. కొత్తగా ఈ పనిలోకి వస్తున్నవాళ్ల కోసం ఇప్పుడు చెబుతున్నాను.

నేను పాతబస్తీలో ఒక ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టుగా పనిచేశాను. ఆపరేషన్ అయినవాళ్ల మోకాళ్లు వంచడం, భుజాలు తిప్పించడం, పక్షవాతం వచ్చినవాళ్లను నిలబెట్టడం నా పని. మా వైపు గల్లీ గల్లీకీ ఒక తాలీం ఉండేది. కుస్తీ నేర్పే మట్టి గోదా అన్నమాట. అక్కడి ఉస్తాదులు కుస్తీతోపాటు విరిగిన ఎముకలకు పట్టీలు కూడా కట్టేవారు. చెయ్యి విరిగితే సగం బస్తీ ముందు అక్కడికే పోయేది. కట్టు కుదిరినవాళ్లు ఇంటికి పోయేవారు, కుదరనివాళ్లు వంకర చేతులతో మా దగ్గరికి వచ్చేవారు. ముప్పై ఏళ్లు నేను చూసింది వంకర చేతులనే. కుదిరిన చేతులతో నాకేం పని? అలా ఒక అభిప్రాయం ఏర్పడిపోయింది. ఆ అభిప్రాయమే తలుపెక్కింది.

నా ఉద్యోగం ఆఖరి ఏడాదిలో ఛత్రినాక నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. డెబ్బై దాటాయి. కుడి మోకాలు పూర్తిగా అరిగిపోయి, మార్పిడి ఆపరేషన్ చేయించుకున్నాడు. దానికి తోడు మతిమరుపు జబ్బు, డిమెన్షియా. కొడుకు ఉస్మాన్‌గంజ్‌లో ఒక మిరపకాయల దుకాణంలో తూకం వేసే పనిచేస్తాడు. ఎప్పుడు చూసినా కళ్లు ఎర్రగా ఉండేవి. ఏడ్చినట్టు ఉండేవి గానీ అది మిరప ఘాటు. నేను మాత్రం మొదటి రోజే, ‘తాగుతాడేమో’ అనుకున్నాను. నా చూపు అలాంటిది.

పెద్దాయన ఒకప్పుడు ఉస్తాద్ అని, కుస్తీ నేర్పాడని, పట్టీలు కూడా కట్టాడని కొడుకు చెప్పాడు. నాకు కావలసింది దొరికింది.

"ఎందరి చేతులు వంకర చేసినవ్ ఉస్తాద్?" అన్నాను, వార్డు అంతా వినేలా.

ఆయన నన్ను కింది నుంచి మీదికి చూశాడు. "నీ నోటికి ఎవరూ పట్టీ కట్టలేదా బిడ్డా?" అన్నాడు.

చుట్టుపక్కల మంచాలన్నీ నవ్వాయి. నేను నవ్వలేదు. మతిమరుపు ఉన్నవాడు ఇంత చురుగ్గా జవాబిస్తాడా అన్న అనుమానం అక్కడే మొలకెత్తింది. ఆ వెంటనే ఆయన, నేను ఇప్పుడే వచ్చినట్టు, "ఎవలు నువ్వు? చాయ్ తాగినవా?" అని అడిగాడు. అది కూడా నాటకమే అనిపించింది.

"పొద్దుగాల మంచిగుంటడు సార్. పొద్దుగూకితే నన్నే ఎవలంటడు" అన్నాడు కొడుకు.

మోకాలు మార్పిడిలో సగం పని సర్జన్ది, సగం మాది. మొదటి వారాల్లో వంచకపోతే లోపల గట్టిపడిపోతుంది. తర్వాత ఎంత లాగినా రాదు. అందుకే మేము కఠినంగా ఉంటాం. ‘మడమను వెనక్కి లాగు, వంచు, పట్టి ఉంచు’ అని చెబుతాం, రోగి చేస్తాడు. పెద్దాయన చేసేవాడు కాదు. నేను వంచమంటే చేతులు జోడించి నవ్వేవాడు. గట్టిగా అంటే, "నువ్వు ముందు చెయ్, నేను చూస్త" అనేవాడు. నొప్పి ఉందా అంటే లేదనేవాడు, కాలు ముట్టుకుంటే మాత్రం పళ్లు కొరికేవాడు.

వృద్ధుల వార్డులో ఒక యువ డాక్టరమ్మ ఉండేది. మధ్యాహ్నం డబ్బాలోని అన్నం తింటూ ఫోన్లో కొత్త పరిశోధన వ్యాసాలు చదివేది. ఈ జబ్బులో మాటతో ఇచ్చే ఆదేశం లోపలికి చేరదని, నొప్పిని కూడా మాటతో కాక ముఖంతో చెబుతారని, ఏళ్ల తరబడి చేసిన పని తాలూకు కదలికలు మాత్రం చాలాకాలం మిగిలి ఉంటాయని ఈ మధ్య అందరూ రాస్తున్నారని నాకు చెప్పింది. "ఆటగాళ్లకి గాయం తగిలితే వాళ్ల ఆట కదలికల్తోనే మళ్లీ నడిపిస్తాం కదా సార్. ఈయనకి కూడా ఏదో ఒకటి దొరకాలి" అంది.

"ఆయన ఆట ఏందో తెలుసా అమ్మా? కుస్తీ. కొత్త మోకాలుతో కుస్తీ పట్టిద్దామా?" అన్నాను. ఆమె డబ్బా మూత పెట్టేసుకుంది.

డిశ్చార్జి రోజున కొడుకును తలుపు దగ్గర నిలబెట్టి ఆ కాగితం చదివించాను. తాలీం వైపు పోతే, ఎవరితోనైనా మాలీషు చేయిస్తే, ఇక నా గడప ఎక్కొద్దని చెప్పాను. "పోం సార్" అన్నాడు.

తర్వాత వారంలో మూడు సార్లు ఆటోలో తీసుకొచ్చేవాడు. ఇక్కడే నా అసలు కథ మొదలవుతుంది. పెద్దాయన నా దగ్గర ఏ వ్యాయామమూ చేసేవాడు కాదు. కానీ మోకాలు వంగుతోంది. కుట్లు విప్పిన తర్వాత వచ్చిన ప్రతిసారీ వంపు కొలిచే నా ప్లాస్టిక్ కొలబద్ద పెట్టి చూస్తే, ముందుటి కంటే మెరుగ్గా ఉంది. సంతోషించాల్సిన మాట. నేను సంతోషించలేదు. నా మాట వినని మనిషి ఎవరి మాట వింటున్నాడు?

"ఇంట్ల చేయిస్తున్న సార్" అన్నాడు కొడుకు.

"ఏది, ఎట్ల చేయిస్తున్నవో చూపియ్."

నేల చూశాడు. "గట్లనే సార్, మీరు చెప్పినట్టే."

అబద్ధమని తెలిసిపోయింది. ఆ రోజు నుంచి నేను మోకాలు చూడటం మానేసి మనిషిని వెతకడం మొదలుపెట్టాను. ఒంటి నుంచి ఆవనూనె వాసన వచ్చింది. కాలి గోళ్లలో ఎర్రమట్టి కనిపించింది. ఛత్రినాక ఇరుకు గల్లీలో, సిమెంటు గచ్చు ఇంట్లో ఉండే మనిషి గోళ్లలోకి ఎర్రమట్టి ఎక్కడిది? అడిగితే, "కుండీలు సర్దిండు సార్" అన్నాడు కొడుకు. వాళ్లింట్లో కుండీలు ఉన్నాయో లేవో నాకు తెలియదు. లేవని తీర్మానించుకున్నాను.

తర్వాత ఒకరోజు చొక్కా కాలరు పక్కకు జరిగితే మెడ వెనక కమిలిన మచ్చలు కనిపించాయి. నాలుగు వేళ్లు ఒకవైపు, బొటనవేలు ఇంకోవైపు. చొక్కా విప్పించాను. మణికట్ల మీద, జబ్బల మీద కూడా ఉన్నాయి. కొన్ని కొత్తవి, కొన్ని పచ్చబడుతున్నవి.

"బాత్రూంల జారిండు సార్."

జారితే మెడ మీద వేళ్లు పడతాయా? కొడుకును చాయ్ తాగి రమ్మని బయటికి పంపి, తలుపు వేసి పెద్దాయన్ని అడిగాను, నిన్ను ఎవరు పట్టుకున్నారని.

"మావోడే" అన్నాడు. "రోజూ పట్టుకుంటడు. కింద పడేస్తనంటడు."

ఆ మాట నేను ఎన్నిసార్లు ఎందరికి చెప్పానో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ ఒక సంగతి వదిలేశాను. ఆ మాట అంటున్నప్పుడు ఆయన నవ్వుతున్నాడు. నవ్వడమే కాదు, ఛాతీ కొంచెం పొంగింది. నేను చూశాను. చూసి, జబ్బు ఉన్నవాళ్లు ఊరికే నవ్వుతారులే అని పక్కన పెట్టాను.

అనుమానం ఊరికే పుట్టలేదని నా తరఫున ఒక మాట చెప్పాలి. చాలా ఏళ్ల కింద ఒక ముసలావిడ ఒంటి మీద ఇలాంటివే మచ్చలు చూసి, మనకెందుకులే అని ఊరుకున్నాను. ఆమె మళ్లీ రాలేదు. ఆమెకు ఏం జరిగిందో తర్వాత విన్నాను. అందుకే ఈసారి ఊరుకోకూడదనుకున్నాను. ఒక తప్పుకు ప్రాయశ్చిత్తం ఇంకో మనిషి మీద చేసుకోకూడదని అప్పుడు తట్టలేదు.

డాక్టరమ్మ దగ్గరికి పోతే ఆమె మచ్చలు శ్రద్ధగా చూసింది. "రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వాడుతున్నారు కదా సార్, కొంచెం గట్టిగా పట్టుకున్నా కమిలిపోతుంది. అలాగని కొట్టలేదనీ చెప్పలేం. ఒక్క రెండు రోజులు ఆగండి. నేను కొడుకుతో మాట్లాడతా, ఇంటికి పోయి చూద్దాం" అంది.

ఆ మాత్రల సంగతి నాకు తెలియనిది కాదు. వార్డులో అటెండర్లకు నేనే చెబుతుంటాను, గట్టిగా పట్టుకోకండి కమిలిపోతారని. అయినా ఆగలేదు. తిన్నగా పై అధికారి గదికి పోయాను. నా ముప్పై ఏళ్ల అనుభవం ముందు కుర్ర డాక్టరు మాట నిలవలేదు. పెద్దాయన్ని ఆ పూటే వార్డులో చేర్చుకున్నారు. విచారణ తేలేదాకా కొడుకును లోపలికి రానివ్వొద్దన్నారు. ఆ మాట కొడుక్కి చెప్పే పని వేరేవాళ్లది. నేను అడిగి తీసుకున్నాను.

వరండాలో, చీటీల వరుసలో ఉన్న జనం ముందు అన్నాను. "ముసలోన్ని కొడ్తవా? సిగ్గు లేదా నీకు?"

అతను నోరు తెరిచాడు. నా వెనక తలుపు మీద ఉన్న కాగితం వైపు ఒకసారి చూసి మళ్లీ మూసుకున్నాడు. నేను దాన్ని నేరం ఒప్పుకోవడంగా తీసుకున్నాను. మర్నాడు ఒక కానిస్టేబుల్ వాళ్ల గల్లీకి పోయి ఇంటింటా అడిగాడని విన్నాను. మంచిదే అనుకున్నాను.

వార్డులో పెద్దాయన మొదటి రోజంతా తలుపు వైపు చూశాడు. రెండో రోజు నుంచి గోడ వైపు తిరిగాడు. తిండి మానేశాడు. కాలు దుప్పటిలో ముడుచుకుని అలాగే పడుకునేవాడు. నేను పూటపూటా పోయి వంచే ప్రయత్నం చేశాను. ఇప్పుడు నవ్వడం లేదు, చేతులు జోడించడం లేదు, ఎవరు నువ్వని కూడా అడగడం లేదు. వారం తిరిగేసరికి నా కొలబద్ద వెనక్కి నడవడం మొదలుపెట్టింది. మోకాలు గట్టిపడుతోంది.

"తెలిసిన మొహం ఒక్కటీ లేదు సార్ ఆయనకి. ఆ మొహాలే సగం వైద్యం" అంది డాక్టరమ్మ. నేను, "కొట్టే మొహం కూడానా?" అన్నాను.

అలా ఉండగా ఒక ఉదయం వార్డులోకి ఒక మనిషి వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. నలిగి ముద్దయిన చెవులు, ఎద్దు మెడ, చొక్కా మీద వెల్డింగ్ నిప్పురవ్వల చిల్లులు. జల్‌పల్లిలో గేట్లు, గ్రిల్లులు చేసే దుకాణం ఉందని తర్వాత తెలిసింది. కొడుకును రానివ్వొద్దన్నారు గానీ ఈయన్ని ఆపమని ఎవరూ చెప్పలేదు. మంచం పక్కన నిలబడి, ఎవరినీ పట్టించుకోకుండా, "సలాం ఉస్తాద్" అన్నాడు.

గోడ వైపు తిరిగిన తల కదలలేదు.

ఆయన ఒక అడుగు వెనక్కి వేసి తొడ చరిచాడు. ఆ చప్పుడుకు వార్డులో అందరూ ఉలిక్కిపడ్డారు. "ఆవ్ ఉస్తాద్. లేదంటే ఓడినవ్ అంట. సబ్ కో బోల్తా మై, అందరికి చెప్త."

పెద్దాయన లేచాడు. ఎవరూ పట్టుకోకుండా, మంచం అంచు మీద చెయ్యి ఆనించి లేచి నిలబడ్డాడు. నేను పడిపోతాడని పరుగెత్తబోతే వెనక నుంచి డాక్టరమ్మ నా చొక్కా చెయ్యి పట్టుకుని ఆపింది. పెద్దాయన కుడి చెయ్యి చాచి ఆ మనిషి మెడ వెనక పట్టుకున్నాడు. ఆ మనిషి ఆయన మెడ వెనక పట్టుకున్నాడు. నాలుగు వేళ్లు ఒకవైపు, బొటనవేలు ఇంకోవైపు. రెండో చేత్తో మణికట్టు. నుదుళ్లు ఆనించి ఇద్దరూ మెల్లగా పక్కకు అడుగులు వేశారు. ఒకడు తోస్తే ఇంకొకడు మోకాళ్లు వంచి ఆపుతున్నాడు. నేను ఎన్ని వారాలు అరిచినా వంగని మోకాలు, నిన్నటికి గట్టిపడిన మోకాలు, బరువు మోస్తూ వంగడానికి తంటాలు పడుతోంది. పెద్దాయన పళ్లు కొరుకుతున్నాడు. ముఖం మాత్రం వెలుగుతోంది.

కాసేపటికి ఆ మనిషి ఆయన్ని జాగ్రత్తగా మంచం మీద కూర్చోబెట్టి, ఓడిపోయినట్టు దండం పెట్టాడు. అప్పుడు మా వైపు తిరిగాడు.

"మచ్చలు పెట్టింది నేను సార్. పోలీసోళ్లకు నా పేరు చెప్పుండ్రి. ఆ పొలగాన్ని గల్లీల బద్నాం చేసిన్రు మీరు."

రోజూ పొద్దున్నే కొడుకు తండ్రిని తాలీంకు తీసుకుపోయేవాడట. ఈయన జల్‌పల్లి నుంచి స్కూటర్ మీద వచ్చి ఉస్తాద్‌తో పట్టు పట్టేవాడు. ‘మావోడే’ అంటే కొడుకు కాదు. శిష్యుడు. కింద పడేస్తనని అతను అనేది, ఉస్తాద్‌ను రెచ్చగొట్టి నిలబెట్టడానికి.

అది చక్కటి వైద్యమని నేను చెప్పడం లేదు. మొన్ననే ఆపరేషన్ అయిన మోకాలుతో మట్టిలో అలా చేయడం ప్రమాదం. కాలు జారితే ఎముక విరిగేది. డాక్టరమ్మ ఆ మాట వాళ్లకు గట్టిగానే చెప్పింది. ముందే చెప్పి ఉంటే అదే పట్టును మా హాల్లో, పరుపు మీద, పక్కన మనుషుల్ని పెట్టుకుని చేయించేవాళ్లం. ముందే ఎందుకు చెప్పలేదు? గేటు బయట ఇన్ని రోజులూ కాపు కాసిన కొడుకును లోపలికి పిలిపించి నేనే అడిగాను.

"మీరే కద సార్ తలుపు మీద రాసిన్రు" అన్నాడు. "తాలీంకు పోకుంటే బాపు లేవడు. పోయినమంటే మీరు రానియ్యరు. ఆపరేషన్ కాలు, మీరు చూడకుంటే ఎట్ల? నాకు రెండూ కావాలె. గందుకే అబద్ధమాడిన."

అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి. దుకాణానికి పోక అప్పటికి వారం దాటింది.

పెద్దాయన్ని ఇంటికి పంపారు, విచారణ మూసేశారు. మోకాలి వంపు మాత్రం తిరిగి రాలేదు. మత్తు ఇచ్చి వంచవచ్చు గానీ, ఇంకోసారి మత్తిస్తే మతి ఇంకా చెదిరిపోతుందేమోనని సర్జన్ వద్దన్నాడు. నడవడానికి సరిపడా వంగుతుంది. అంతకంటే వంగదు. తాలీంలో గోదా నేల కంటే లోతుగా ఉంటుంది, అడుగు దింపి దిగాలి. ఆ ఒక్క అడుగు దిగలేక ఆయన గట్టు మీద కుర్చీలో కూర్చుని ఏడ్చాడని శిష్యుడు చెప్పాడు. ఎందుకు ఏడుస్తున్నాడో ఆయనకే గుర్తుండేది కాదట. కానిస్టేబుల్ వచ్చిపోయిన గల్లీలో కొడుకు ఉండలేకపోయాడు. ఇల్లు ఖాళీ చేసి జల్‌పల్లిలో, శిష్యుడి ఇంటి దగ్గర అద్దెకు దిగారు.

కాగితం పీకింది ఆ వారమే. పీకిన చోట తలుపు మీద తెల్లటి చదరం మిగిలిపోయింది. రోజూ దాన్ని చూస్తూనే లోపలికి పోయేవాణ్ని.

క్షమించమని అడగడానికి జల్‌పల్లి పోవడానికి నాకు చాలాకాలం పట్టింది. పదవీ విరమణ అయింది, నా గుండెలో స్టెంటు కూడా పడింది, ఆ తర్వాత పోయాను. తిట్టి పంపుతాడేమోనని అనుమానం. అప్పటికీ అనుమానమే. కొడుకు తిట్టలేదు, కూర్చోమనీ అనలేదు. వెనక ఖాళీ స్థలం వైపు చెయ్యి చూపించాడు. అక్కడ శిష్యుడు కొంత నేల తవ్వి, ఎర్రమట్టిలో నూనె, పసుపు కలిపి మెత్తగా చేశాడు. లోతు లేదు. దిగాల్సిన అడుగు లేదు. పెద్దాయన దాని మధ్యలో నిలబడి ఉన్నాడు, బాగా చిక్కిపోయాడు.

"ఎవలు నువ్వు? చాయ్ తాగినవా?" అన్నాడు.

తాగలేదన్నాను. నేను చెప్పాలని దారి పొడుగునా కూర్చుకున్న మాటలు ఆయనకు చెప్పి లాభం లేదని అప్పుడు అర్థమైంది. ఆయనకు నేను చేసిన తప్పు గుర్తు లేదు, గుర్తున్నది పక్కన నిలబడి నన్ను చూస్తున్న కొడుక్కి.

"నాకు శాన వారాలకెల్లి దుకాణం పని ఎక్కువుంది" అన్నాడు కొడుకు, నా వైపు చూడకుండా. "గేట్ల దుకాణం అన్నకు ఆదివారం గిరాకీ ఉంటది. ఆదివారం బాపుతోని పట్టు పట్టెటోడు ఎవడూ లేడు."

చెప్పులు విప్పి మట్టిలోకి పోయాను. పెద్దాయన నా మెడ వెనక పట్టుకున్నాడు. ఆ పట్టు అంత గట్టిగా ఉంటుందని అనుకోలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో స్నానం చేసి వస్తుంటే మా ఆవిడ ఆపింది. స్టెంటు పడ్డప్పటి నుంచి నేను కూడా రక్తం పలచబడే మాత్రల మీదే ఉన్నాను. కాలరు కిందికి లాగి మెడ వెనక చూసింది.

"ఎవలు పట్టుకున్నరు గిట్ల?"

జారిపడ్డానని నోటిదాకా వచ్చింది. ఆమె మళ్లీ అడగలేదు. ఎవరి మీదా నింద వేయలేదు. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుని, జవాబు కోసం ఆగింది.

మొదటి నుంచి చెప్పాను.